జాబునకు జవాబు

మన తెలుగులో జాబు అనగా ఉత్తరము. ఒకరు జాబు వ్రాసినచో రెండవవారు జవాబు వ్రాయవలెనని పెద్దలు ఒక మర్యాద ఏర్పరచినారు. జవాబు వ్రాయనివానిని గురించి ఊరిలో మంచి మాట వినబడదు. ఇటీవల ఆ మాటకు ఉద్యోగమను అర్థము కూడ వచ్చి చేరినది. చిత్రమేమనగా, ఉద్యోగము కోరి వ్రాసిన జాబులకే నేడు జవాబులు కరవైనవి.

ఈ ప్రసంగము వినుచున్న ఇండ్లలో అట్టి జాబు వ్రాసి ఎదురుచూచుచున్న కుమారుడో కుమార్తెయో ఉండకపోరు. వారి తరఫున నాలుగు మాటలు చెప్పవలెనని మా కోరిక. మేము అనగా ముగ్గురము. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాదు, ఒకరిది భూపాలపల్లి. హనుమకొండలో ఒకే కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొన్నాము. ఇవి ముగ్గురమును కూర్చుండి వ్రాసుకొన్న మాటలు. చదివెడి కంఠము మాత్రము ఒకటి.

మేము పుట్టిన నాటికి మా మూడు ఊళ్ళును వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. ఆ పిమ్మట 2018లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము జనగామ యాదాద్రి జోనులోనికి, మహబూబాబాదు భద్రాద్రి జోనులోనికి, భూపాలపల్లి కాళేశ్వరం జోనులోనికి పోయినవి. ఒకే బల్ల మీద చదువుకొన్న మేము ప్రభుత్వోద్యోగముల లెక్కలో మూడు దిక్కులవారమైనాము. నూటికి తొంబదియైదు కొలువులు స్థానికులకే అని ఆ ఉత్తర్వు చెప్పుచున్నది. ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి లోపల నాలుగేండ్లు ఎక్కడ చదివితిమో అదియే మన స్థానికత. ఇందులో తప్పేమియు లేదు. ఎవరి ప్రకటన కొరకు వారు వేరువేరుగా ఎదురుచూడవలసి వచ్చినదని చెప్పుటకే ఈ ముచ్చట. అట్లు ఎదురుచూచుచున్న కాలములోనే, ఊరక కూర్చుండనేల యని, నగరములోని ఒక ప్రైవేటు సంస్థకు ముగ్గురమును దరఖాస్తులు పంపినాము. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరము లేదు. దాని వంటివి అనేకమున్నవి. ఒకదానిని నిందించి తక్కినవానిని విడిచిపెట్టుట న్యాయము కాదు.

పత్రికలోని ప్రకటన స్పష్టముగానే ఉన్నది. లెక్కలు వ్రాయుటకు సహాయకులు కావలెను. వాణిజ్యశాస్త్ర పట్టము చాలును. అనుభవము అవసరము లేదు. దరఖాస్తు పంపిన నలుబది దినములకు, ఒక రాత్రి ఎనిమిది గంటలకు ఫోను మ్రోగినది. మరునాడు ఉదయము తొమ్మిదింటికి అసలు పత్రములతో హాజరు కావలెనట. తేదీ మార్చుటకు వీలు లేదట. అంతకుమించి వివరము అడుగబోగా ఫోను పెట్టివేసినారు.

నగరములో ఉన్నవారికి రాత్రి ఎనిమిదికి చెప్పి ఉదయము తొమ్మిదికి రమ్మనుట పెద్ద విషయముగా తోచదు. భూపాలపల్లిలో బొగ్గు ఉన్నది, విద్యుత్తు ఉన్నది, రైలు మాత్రము లేదు. మాలో ఆ ఊరివాడు దొరికిన బస్సు పట్టుకొని పరకాల మీదుగా హనుమకొండ చేరి, అక్కడి నుండి కాజీపేట స్టేషనుకు పోయి, బల్ల మీద తెల్లవార్లును కూర్చున్నాడు. మహబూబాబాదు ఆమెను ఒంటరిగా రాత్రి రైలు ఎక్కించుటకు ఇంటివారికి మనసొప్పలేదు. మిరపతోటకు నీళ్ళు పెట్టవలసిన తండ్రి, ఆ పని పొరుగువారికి అప్పగించి, కూతురి వెంట బయలుదేరినాడు. జనగామవాడు తెల్లవారుజామున అదే రైలు ఎక్కినాడు. సికింద్రాబాదులో దిగునప్పటికి నలుగురము కలిసినాము. సంస్థ తలుపు ముందర నిలిచినప్పుడు ఇంకను తొమ్మిది కాలేదు.

అక్కడ మావంటివారు నలుబది మందికి పైగా ఉన్నారు. కుర్చీలు పండ్రెండు. కావలివాని చేతిలోని జాబితాలో మా మూడు పేర్లలో రెండు లేవు. "పేరు లేదు గద, ఎట్ల పంపాలె?" అని అతడు అన్నాడు. ఆయన తప్పేమున్నది? అతనికి ఇచ్చిన కాగితము అట్లున్నది. ఎట్టకేలకు లోపలి నుండి ఎవరో వచ్చి అందరిని కూర్చుండుమన్నారు. పది అయినది. పండ్రెండు అయినది. ఒంటిగంటకు లోపలివారు భోజనమునకు పోయినారు. మేము ఎప్పుడు పోవచ్చునో చెప్పినవారు లేరు. పిలుచు సమయమునకు లేకపోయిన పేరు కొట్టివేయుదురేమోనను భయముతో ఎవరును కదలలేదు. తండ్రి మాత్రము బయట కానుగచెట్టు క్రింద సద్ది మూట విప్పక, కూతురు వచ్చిన పిమ్మట తిందమని కూర్చున్నాడు.

మూడున్నరకు ముగ్గురు ముగ్గురిగా లోపలికి పిలిచినారు. బల్లకు అవతల ఇద్దరున్నారు. ఒకాయన ఫోనులో మాటలాడుచున్నాడు. రెండవ ఆయన మా వైపు చూచి, "మీరు దేనికి వచ్చినారు?" అని అడిగినాడు. మా దరఖాస్తులు ఆయన ముందర లేవు. చెప్పినాము. అప్పుడు ప్రశ్నలు మొదలైనవి. భూపాలపల్లివానిని, "మీ ఊళ్ళో గనులున్నవి గదా, ఇంత దూరము రానేల?" అన్నాడు. మహబూబాబాదు ఆమెను, పెండ్లి ఎప్పుడు, పెండ్లియైన పిదప మానివేయుదువా అని అడిగినాడు. జనగామవానిని, నిన్ను ఎవరు పంపినారు, మాకు తెలిసినవారెవరైన ఉన్నారా అని అడిగినాడు. లెక్కలు వ్రాయుటకు కావలసిన ఒక్క ప్రశ్న కూడ మేము వినలేదు. జమ ఏది ఖర్చు ఏది అని అడిగినను సంతోషించి యుందుము.

చివరకు ఫోను ముగించిన ఆయన అసలు సంగతి చెప్పినాడు. ఆ కొలువులకు ఇప్పుడు రెండేండ్ల అనుభవము కావలెనట. ప్రకటనలో అవసరము లేదన్నారు గదా యన్నచో, "అది పాత మాట" అన్నాడు. అనుభవము లేనివారికి వేరొక పని ఉన్నదట. సంస్థ సరకులు ఇల్లిల్లు తిరిగి అమ్మవలెను. జీతము ఉండదు, అమ్మినదానిపై వాటా. శిక్షణకు కొంత సొమ్ము ముందుగా కట్టవలెను. ఇష్టమున్నవారు అసలు పత్రములు ఇచ్చిపోవచ్చును. ఆలోచించుకొని చెప్పెదమని ఇద్దరము లేచినాము. భూపాలపల్లివాడు లేవలేదు. ఇంటి వద్ద తమ్ముని చదువు ఆగిపోవు స్థితి. సొమ్ము కట్టలేనన్నాడు గాని పత్రములు ఇచ్చినాడు. లెక్కల పని ఖాళీ ఏర్పడిన మొదట నిన్నే పిలిచెదమని వారన్నారు.

బయటికి రాగా తండ్రి లేచి నిలిచి, "ఏమన్నరు బిడ్డా?" అని అడిగినాడు. ఆమె కొంచెము సేపు మాటలాడక, "ఏమనలేదు నాయినా" అన్నది. ఆమె అబద్ధము చెప్పలేదు. ఉదయము నుండి సాయంకాలము వరకు కూర్చుండబెట్టినవారు నిజముగనే ఏమియు అనలేదు. ఉన్నదనలేదు, లేదనలేదు. సద్ది మూట రైలులో విప్పినాము.

ఇంతటితో ముగిసియుండిన ఇది నవ్వుకొను కథగానే మిగిలెడిది. భూపాలపల్లివాని పత్రములు ఆ సంస్థలో ఉండిపోయినవి. పిలుపు రాలేదు. పత్రములకొరకు రెండు మారులు పోయినాడు. ఒకమారు ఆ బాధ్యుడు సెలవులో ఉన్నాడు. ఒకమారు బీరువా తాళపుచెవి లేదు. మూడవమారు చేతికి వచ్చినవి. ఆలోగా వేరొకచోట పరీక్షలో నెగ్గి, పత్రముల పరిశీలనకు అతనికి పిలుపు వచ్చి, ఆ తేదీ దాటిపోయినది. నకళ్ళు చూపినను వారు ఒప్పుకొనలేదు. వారి నియమము వారిది. ఒక బీరువా తాళపుచెవికి ఒక యువకుని జీవితములో రెండేండ్లు వెలగా చెల్లినవి.

ఉద్యోగము రాకపోవుట అవమానము కాదు. నలుబది మందిలో ఇద్దరికే కొలువులున్నచో ముప్పదియెనిమిది మంది తిరిగి పోవలసినదే. మాకంటె యోగ్యులు దొరికినారన్నచో మాకు కష్టము కలుగును గాని కోపము రాదు. మమ్ము నొప్పించినది వేరు. అడిగెడివానికి చెప్పెడివాడు లోకువ అని సామెత. కొలువుల లోకములో అది తలక్రిందులైనది. ఇక్కడ చెప్పవలసినవానికి అడిగెడివాడే లోకువ.

ప్రైవేటు సంస్థల సంగతి విడిచి ప్రభుత్వమువైపు చూచినచో, అక్కడ నియమములకు కొరత లేదు. రాజ్యాంగములో 315వ అధికరణము మొదలుకొని సర్వీసు కమిషనుల కొరకే ఒక అధ్యాయమున్నది. పరీక్షలు, జాబితాలు, ముద్రలు అన్నియు ఉన్నవి. అయినను ఏమి జరిగినదో చూడుడు.

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషను 2022 ఏప్రిలు 26న 503 గ్రూపు-1 కొలువులకు ప్రకటన ఇచ్చినది. ప్రత్యేక రాష్ట్రము వచ్చిన పిమ్మట ఆ తరగతిలో అదియే మొదటి ప్రకటన. దరఖాస్తులు సుమారు 3,80,000. ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరు 16న జరిగినది. ప్రశ్నపత్రములు కమిషను కార్యాలయము నుండియే బయటికి పోయినవని తేలి, 2023 మార్చి 17న దానిని రద్దు చేసినారు. 2023 జూను 11న మరల పెట్టినారు. ఈసారి అభ్యర్థుల వేలిముద్రలు తీసికొనలేదన్నది ముఖ్యకారణముగా ఉన్నత న్యాయస్థానము సెప్టెంబరు 23న దానిని కూడ కొట్టివేసినది. 2024 ఫిబ్రవరి 19న పాత ప్రకటనను ఉపసంహరించుకొని, 563 కొలువులకు క్రొత్త ప్రకటన ఇచ్చినారు. జూను 9న ప్రాథమిక పరీక్ష, అక్టోబరు 21 నుండి 27 వరకు ప్రధాన పరీక్ష జరిగినవి. 2025 సెప్టెంబరు 9న ఒక న్యాయమూర్తి ఆ ఫలితములను త్రోసిపుచ్చినారు. సెప్టెంబరు 24న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును నిలిపివేసినది. సెప్టెంబరు 27న, తుది తీర్పునకు లోబడి, 562 మందికి నియామక పత్రములు ఇచ్చినారు.

మొదటి ప్రకటన నుండి చేతికి కాగితము వచ్చువరకు మూడేండ్ల అయిదు మాసములు. ఒకే ప్రాథమిక పరీక్షను మూడు మారులు వ్రాసినవారు మా మూడు జిల్లాలలోను ఉన్నారు. హనుమకొండలోను, హైదరాబాదు అశోకనగరులోను అద్దె గదులలో ఉండి, ఇంటి నుండి వచ్చు డబ్బుతో అన్నము వండుకొని చదివినవారు వారు. పరీక్ష రద్దైన దినమున నగరపు పత్రికలలో ప్రకటన పడినది. ఊరిలోని తల్లికి ఏమి చెప్పవలెనో మాత్రము ఎవరును చెప్పలేదు. అబ్బాయి తప్పినాడా యని చుట్టుప్రక్కలవారు అడుగుదురు. అబ్బాయి తప్పలేదు, పరీక్షయే తప్పినదని చెప్పినచో నమ్మెడివారెవరు?

ఇది నేటి జబ్బు మాత్రమే కాదు. అవిభక్త ఆంధ్రప్రదేశములో 2011లో ప్రకటించిన గ్రూపు-1 ప్రధాన పరీక్షను వివాదముల మూలమున 2016లో మరల జరుపవలసి వచ్చినది. 1998 నాటి ఉపాధ్యాయ ఎంపికలో అర్హులై కొలువు దక్కనివారికి 2022లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము అవకాశమిచ్చుటకు అంగీకరించినది. యౌవనములో పరీక్ష వ్రాసినవారు తల నెరసిన పిదప బడిలో అడుగుపెట్టినారు. 2008 నాటి ఎంపికలో నష్టపోయిన వారిలో తెలంగాణకు చెందినవారికి 2025లో కాంట్రాక్టు పద్ధతిని ఉపాధ్యాయ కొలువులు దొరకినవి. ఆలస్యము అమృతమును విషము చేయునని వింటిమి. విషము కాకపోయినను, ఆ అమృతము చల్లారి చేతికి వచ్చినది.

ఇంకను వెనుకకు పోయినచో, 1952లో వరంగల్లు ప్రాంతమున ఉపాధ్యాయ నియామకములలో స్థానికులకు అన్యాయము జరిగినదని లేచిన గొడవయే ముల్కీ ఉద్యమమైనది. అది హైదరాబాదుకు ప్రాకి, ఆ సెప్టెంబరు మొదటి దినములలో కాల్పుల వరకు పోయినది. 1969 ఉద్యమమునకు కూడ కొలువుల పంపకమే మొదటి నిప్పు. ఒక నియామకము సక్రమముగా జరుగనప్పుడు నష్టపడునది ఒక్క అభ్యర్థి కాదని మా ప్రాంతపు చరిత్ర చెప్పుచున్నది. ఎంపిక సరిగా జరిగినదను నమ్మకము పోయినచో ఊరే కదలును.

మరి ఎంపిక ఎట్లుండవలెను? మన దేశములో ఈ ఆలోచన పురాతనమైనది. అమాత్యులను ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటి చేత రహస్యముగా పరీక్షింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రములో ఉన్నది. కొలువు కోరువాని గుణమును పరీక్షించుటకు ఇన్ని ఉపాయములున్నవి. పరీక్షించువాని గుణమును ఎవరు పరీక్షింపవలెను? ఈ ప్రశ్నకు ఆధునిక కాలము చెప్పిన సమాధానము ఒక్కటే. మనుష్యుని గుణముపై ఆధారపడక, పద్ధతిపై ఆధారపడవలెను.

ముఖాముఖి సంభాషణలో మనిషిని అంచనా వేయగలమని ప్రతివారును అనుకొందురు. అమెరికాలో ష్మిట్, హంటర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎనుబదియైదేండ్ల పరిశోధనలను కూర్చి 1998లో ఒక వ్యాసము ప్రకటించినారు. తోచిన ప్రశ్న తోచినవారిని అడుగు సంభాషణకంటె, అందరిని ఒకే విధమైన ప్రశ్నలడిగి, ఒకే కొలతతో మార్కులు వేయు సంభాషణ ముందు చేయబోవు పనిని మెరుగుగా సూచించునని అందులో తేలినది. ఆ దేశములోనే కొన్ని వాద్యబృందములు, ముఖ్యముగా 1970 తరువాత, కళాకారులను తెర వెనుక కూర్చుండబెట్టి వాయింపజేసి ఎంపిక చేయసాగినవి. మనిషి కనబడడు, వాద్యము మాత్రము వినబడును. రేడియో వినువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మాటలాడుచున్నవాని ఊరు, కులము, చొక్కా మీకు కనబడవు. మాటను బట్టియే వినవలెనో కట్టివేయవలెనో మీరు నిశ్చయించుచున్నారు.

ముఖాముఖిలో పక్షపాతమునకు చోటు ఎక్కువయను భావనతోనే, కేంద్రప్రభుత్వము 2016 జనవరి 1 నుండి గ్రూపు-బి నాన్‌గెజిటెడ్ మొదలుగా దిగువ తరగతుల నియామకములలో దానిని తొలగించినది. తెలంగాణలో 2022లో గ్రూపు-1, గ్రూపు-2 కొలువులకు సైతము తీసివేసినారు. అయితే దొంగ తలుపు విడిచి కిటికీ వెదకును. ముఖాముఖి పోగా ప్రశ్నపత్రము బయటికి వచ్చినది. అందుకే 2024 జూనులో అమలులోనికి వచ్చిన కేంద్రచట్టము, ముఠా కట్టి పరీక్షలలో అక్రమము చేయువారికి పదియేండ్ల వరకు శిక్షయు, కోటి రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధించినది. అది కేంద్రసంస్థలు జరుపు పరీక్షలకు సంబంధించినది.

అభ్యర్థికి న్యాయము కొంత అండగా ఉన్నది. జాబితాలో పేరున్నంత మాత్రమున కొలువు హక్కు కాదని సర్వోన్నత న్యాయస్థానము 1991లో చెప్పినది. ఆ తీర్పులోనే, ప్రభుత్వము తన ఇచ్చ వచ్చినట్లు కొలువులు నింపక మానరాదనియు చెప్పినది. ఎంపిక మొదలైన పిదప, నియమావళిలోగాని ప్రకటనలోగాని అందుకు అవకాశము లేనప్పుడు, అర్హతలను నడుమ మార్చరాదని 2024 నవంబరు 7న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు ఇచ్చినది. "అది పాత మాట" అని మాతో అన్న ఆయన ప్రభుత్వోద్యోగియై యుండినచో ఆ మాట చెల్లెడిది కాదు. దిద్దిన జవాబు పత్రమును చూచు హక్కు సమాచార హక్కు చట్టము క్రింద ఉన్నదని 2011లో చెప్పినారు. సివిల్ సర్వీసు పరీక్షల విషయమున 2018లో దానికి కొన్ని హద్దులు పెట్టినారు. ఈ అండ యంతయు ప్రభుత్వ కొలువులకే. ప్రైవేటు సంస్థ తలుపు ముందర నిలిచినవానికి దాని యజమాని మర్యాదయే ఎక్కువ పాలు దిక్కు.

కనుక యజమానులకు మా మనవి ఇది. మీరు ఎవరిని తీసికొనవలెనో అది మీ ఇష్టము. ఎట్లు పిలువవలెనో, ఎట్లు పంపవలెనో అది మర్యాద. పిలుపు వ్రాతమూలకముగా, భూపాలపల్లివాడు బస్సు అందుకొనగల వ్యవధితో పంపుడు. ఎన్ని గంటలకు పిలిచినారో ఆ గంటకే చూడుడు. లేక ఆలస్యమగునని చెప్పి, అన్నమునకు పోయి రమ్మనుడు. దరఖాస్తు చదివి కూర్చుండుడు. పనికి సంబంధించిన ప్రశ్నలే అడుగుడు. ఆడపిల్లను పెండ్లి సంగతి అడుగకుడు. అసలు పత్రములు చూచి అప్పుడే తిరిగి ఇండు. అన్నిటికంటె ముఖ్యము, కాదన్నచో కాదని వ్రాయుడు. ఒక కార్డు వ్రాయుటకు పట్టు కాలమెంత? అది రాకపోవుటచేత ఒక ఇంటిలో ఎన్ని సాయంకాలములు వీధివైపు చూచుచు గడచుచున్నవో లెక్క కట్టినవారు లేరు. గోటితో పోవుదానిని గొడ్డలి వరకు తెచ్చుకొనుట అనగా ఇదియే. ఒక పంక్తి జవాబు లేకపోవుటవలన అనుమానము, అనుమానమువలన ఆరోపణ, ఆరోపణవలన వ్యాజ్యము పుట్టుచున్నవి.

కొలువు కోరు సోదరీసోదరులకు కూడ రెండు మాటలు. ఉద్యోగమిచ్చెదము, ముందు డబ్బు కట్టుమన్నవాడు ఉద్యోగము ఇచ్చువాడు కాడు, అమ్మువాడు. అసలు పత్రములు చేతి నుండి విడువకుడు. విడువక తప్పనిచో ఏ తేదీన ఎన్ని పత్రములు ఇచ్చినారో రసీదు పుచ్చుకొనుడు. మా మిత్రుడు రసీదు అడుగలేదు. అడిగిన కొలువు పోవునేమోనని భయపడినాడు. అడుగుటకు భయపడవలసిన చోట కొలువు నిలువదని ఇప్పుడు మాకు తెలిసినది.

ఇంటి పెద్దలకు ఒక్క మాట. జనగామ దగ్గరి బమ్మెరవాడైన పోతనామాత్యుడు రాజుల కొలువు కోరక నాగలి పట్టినాడని చెప్పుకొందురు. ఆ మాట మా చెవిని కూడ తరచుగా పడును. పోతనకు పొలమున్నది, పద్యమున్నది. మాకు ఆ రెండవది లేదు, మొదటిది పలువురకు లేదు. పిల్లలు వట్టి చేతులతో తిరిగి వచ్చిన దినమున, ఏమి తప్పు చేసినావని అడుగుటకు ముందు, వారేమి చెప్పినారని అడుగుడు. కానుగచెట్టు క్రింది ఆ తండ్రి అట్లే అడిగినాడు. "ఏమనలేదు" అని కూతురు చెప్పగా, "అట్లయితే నీ తప్పు ఏముంది బిడ్డా, పా" అన్నాడు. ఆ నాటి ప్రయాణములో మాకు దొరికిన గౌరవము ఆ ఒక్క మాటయే.

మేము ముగ్గురమును ఇప్పుడు ఏదో ఒక పని చేసికొని బ్రదుకుచున్నాము. మహబూబాబాదు ఆమె ఒక చిన్న విద్యాసంస్థలో లెక్కలు చూచుచున్నది. మొన్న అక్కడ ఒక గుమాస్తా కొలువు ఖాళీ యైనది. పందొమ్మిది దరఖాస్తులు వచ్చినవి. యజమానిని అడిగి, వారమునకు ముందే అందరికి పిలుపు జాబులు వ్రాసినది. ఒకరిని తీసికొన్నారు. తక్కిన పదునెనిమిది మందికి, ఎవరిని ఎందుకు తీసికొన్నారో రెండు పంక్తులలో తెలిపి, వచ్చినందుకు కృతజ్ఞత చెప్పి, ఆమెయే చేవ్రాలు చేసి పంపినది. కొలువు రానివారిలో ఒకరు తిరిగి జాబు వ్రాసినారు. ఇంతకు ముందు తాము పంపిన ఏ దరఖాస్తునకును జవాబు రాలేదనియు, ఈ కాగితమును దాచుకొన్నామనియు అందులో ఉన్నది.